సుఖవ్యాధి అనుమానమా? మెడికల్ షాపు కంటే ముందు వెళ్లాల్సిన గది ఇదీ

మూత్రానికి వెళితే మంట. వేడి చేసిందేమోనని రెండు రోజులు మజ్జిగ, సబ్జా నీళ్లు తాగారు. మూడో రోజు లోదుస్తులపై పసుపు మరక కనిపించింది. ఇప్పుడు ఫోన్ తీసి వెతుకుతున్నారు. డాక్టర్ కోసం కాదు, మాత్ర పేరు కోసం.

మీరు ప్రస్తుతం ఈ స్థితిలో ఉంటే, మీ స్నేహితుడో స్నేహితురాలో ఉంటే, ఈ కథనం చదివాక వెళ్లండి. గనేరియాకు తెలుగులో 'సెగ' అన్న పాత పేరు ఉంది. సెగ అన్నా వేడి అన్నా ఒకటే. ఒంట్లో వేడి అనుకుని రోజులు గడిపేయడం మనకు కొత్తేమీ కాదు. సిఫిలిస్‌ను 'సవాయి' అనేవారు. అన్నిటికీ కలిపి 'సుఖవ్యాధులు' అనే మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆ మాటలోనే ఒక తీర్పు ఉంది. సుఖపడ్డావు కాబట్టి అనుభవించు అన్నట్టు. చాలామంది ఆసుపత్రికి వెళ్లకుండా ఆగిపోయేది ఆ తీర్పుకు భయపడే.

మందులు మాత్రం ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. ఆ సంగతి తెలిసినవారు తక్కువ.

మెడికల్ షాపు మాత్రతో నష్టమేంటి?

షాపులో లక్షణం చెబితే ఏదో ఒక యాంటీబయాటిక్ ఇచ్చేవారు దొరుకుతారు. రెండు రోజుల్లో మంట తగ్గొచ్చు కూడా. సమస్య అక్కడే మొదలవుతుంది. మందు సరైనది కాకపోయినా, మోతాదు చాలకపోయినా లక్షణం అణిగి, క్రిమి మిగులుతుంది. ఒకప్పుడు గనేరియాకు బాగా పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్ ఇప్పుడు చాలావరకు పనిచేయడం లేదు. క్రిమి దానికి అలవాటు పడిపోయింది. పాత చీటీ చూసి, లేదా హాస్టల్ రూమ్మేట్ చెప్పాడని అదే మాత్ర వేసుకునేవారు మాత్రం ఇంకా ఉన్నారు.

ఇంకో చిక్కు ఉంది. గనేరియా, క్లమీడియా తరచూ జంటగా వస్తాయి. ఒకదానికి మందు వేసుకుంటే రెండోది లోపలే ఉంటుంది. ఆడవాళ్లలో అది గర్భాశయం, ఫాలోపియన్ నాళాల వరకు పాకి, తర్వాత పిల్లలు పుట్టకపోవడానికో, గర్భం నాళంలోనే నిలిచిపోవడానికో కారణం కావచ్చు. మగవాళ్లలో వృషణాల వాపు రావచ్చు.

సిఫిలిస్ మరీ మోసపుచ్చే వ్యాధి. జననాంగం మీద, నోటిలో, లేదా మలద్వారం దగ్గర నొప్పి లేని పుండు వస్తుంది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు. మూడు నుంచి ఆరు వారాల్లో మందు లేకుండానే మానిపోతుంది. తగ్గిపోయిందని ఊపిరి పీల్చుకుంటారు. కొన్ని వారాలకు ఒంటి మీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు రావచ్చు. అవీ పోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి నిశ్శబ్దం. చివరికి గుండె, మెదడు, నరాలు దెబ్బతినవచ్చు. గర్భిణికి ఉంటే కడుపులోని బిడ్డకు సోకుతుంది. ఇంత చేసే ఈ వ్యాధి, తొలిదశలో పట్టుకుంటే, సాధారణంగా ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌కు లొంగుతుంది.

ఇది ఎవరికో వచ్చేది కాదా?

మీ వయసు ముప్ఫై దాటి ఉంటే పులిరాజా గుర్తుండే ఉంటాడు. 2000 దశకం మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా హోర్డింగుల మీద అతని గురించే ప్రశ్న. బస్సులో పిల్లలు గట్టిగా చదివి, పులిరాజా ఎవరని అడిగితే పెద్దలు కిటికీలోంచి బయటికి చూసేవారు. నవ్వుకున్నా సరే, ఎయిడ్స్ అన్న మాట ఇంట్లోకి వచ్చింది. ఈ తరానికి అలాంటి హోర్డింగు కూడా లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం, 15-49 ఏళ్ల వారిలో హెచ్‌ఐవీపై సమగ్ర అవగాహన ఉన్న మహిళలు 21.6 శాతం, పురుషులు 30.7 శాతమే.

తెలుగు రాష్ట్రాలు దీన్ని తేలిగ్గా తీసుకోలేవు. 2021 అంచనాల ప్రకారం దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 శాతం. ఈశాన్య రాష్ట్రాలు మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే.

మిగతా వ్యాధులైతే ఇంకా మామూలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 15-49 ఏళ్ల వారిలో, పూర్తిగా నయం చేయగల లైంగిక వ్యాధులు రోజుకు 10 లక్షలకు పైగా కొత్తగా సోకుతున్నాయి. వాటిలో ఎక్కువ శాతానికి లక్షణాలే ఉండవు. అంటే 'మనిషిని చూస్తే తెలిసిపోతుంది' అనే నమ్మకం మీద ఆధారపడటానికి లేదు.

ఎక్కడికి వెళ్లాలి?

జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో 'సురక్ష క్లినిక్' పేరుతో ఒక సేవ నడుస్తోంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, దీన్ని నిర్వహిస్తోంది. డాక్టర్, కౌన్సెలర్ ఉంటారు. సంప్రదింపు, మందులు ఉచితం. ఇది ఎక్కువగా చర్మవ్యాధుల విభాగంలోనో, మహిళలకైతే గైనిక్ విభాగంతో కలిసో ఉంటుంది. బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం బోర్డు మీద 'డీవీఎల్' అని రాసి ఉంటుంది. అందులోని 'వీ' అక్షరం వెనీరియాలజీ, అంటే లైంగిక వ్యాధుల వైద్యం. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రులన్నిటిలో ఈ విభాగం ఉంది.

ఓపీ కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి జబ్బు పేరు చెప్పాలేమోనని చాలామంది వెనకడుగు వేస్తారు. చెప్పనక్కర్లేదు. 'చర్మవ్యాధులు, ఓపీ' అంటే చాలు. మహిళలైతే 'గైనిక్'. గజ్జి, తామర, మొటిమలు, జుట్టు రాలడం... అన్నిటికీ అదే క్యూ. మీరు దేనికొచ్చారో వెనక నిలబడ్డ మనిషికి తెలిసే అవకాశం లేదు. లోపల డాక్టర్‌తో మాత్రం దాచకుండా చెప్పండి.

హెచ్‌ఐవీ పరీక్ష మాత్రమే కావాలంటే అదే ఆసుపత్రిలో ఐసీటీసీ అనే గది ఉంటుంది. చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ తొలి పరీక్ష చేస్తారు. మీకు దగ్గర్లో ఏది ఉందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ అది. టోల్‌ఫ్రీ, 24 గంటలూ పనిచేస్తుంది. ముందు గొంతు విప్పి మాట్లాడటం అలవాటు చేసుకోవడానికైనా ఈ ఫోన్ మంచిదని మా అభిప్రాయం. ముఖం చూపించకుండా ఒకసారి చెప్పగలిగితే, డాక్టర్ ఎదుట చెప్పడం కొంత తేలికవుతుంది.

గదిలో ఏమడుగుతారు?

లక్షణం ఎప్పుడు మొదలైంది, చివరిసారి ఎప్పుడు కలిశారు, కండోమ్ వాడారా, ఒకరితోనేనా, మగవారితోనా ఆడవారితోనా, ఏ రకంగా... ఇలాంటి ప్రశ్నలు ఉంటాయి. ఇబ్బందిగానే ఉంటుంది. కానీ నోటి ద్వారా సంభోగం జరిగి ఉంటే గొంతు చూడాలి, మలద్వారం ద్వారా అయితే అక్కడ చూడాలి. అబద్ధం చెబితే డాక్టర్ తప్పు చోట వెతుకుతారు. నోటితో అయితే ఏమీ రాదని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. గనేరియా, సిఫిలిస్, హెర్పిస్ అలా కూడా వస్తాయి.

తర్వాత శరీర పరీక్ష చేస్తారు. మహిళా రోగిని పురుష డాక్టర్ పరీక్షించేటప్పుడు మహిళా సిబ్బంది పక్కన ఉండాలి. లేకపోతే అడగండి. ఆపైన సిఫిలిస్, హెచ్‌ఐవీలకు రక్తం తీస్తారు.

మందుల కోసం ప్రభుత్వ కార్యక్రమంలో ఏళ్లుగా రంగుల కిట్లు వాడుతున్నారు. మూత్రనాళం నుంచి స్రావానికి బూడిద రంగు, యోని స్రావానికి ఆకుపచ్చ, పుండ్లకు తెలుపు, పెన్సిలిన్ పడనివారికి నీలం, హెర్పిస్ పుండ్లకు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో గడ్డకు నలుపు. ల్యాబ్ రిపోర్టు కోసం వారం ఆగకుండా, లక్షణాన్ని బట్టి అదే రోజు మందు మొదలుపెట్టే పద్ధతి ఇది. వెళ్లినవాడు మళ్లీ వస్తాడో రాడో తెలియని చోట ఇది తెలివైన ఏర్పాటే. దీనిలో లోపం కూడా స్పష్టంగానే ఉంది. లక్షణాలు లేనివారిని ఈ పద్ధతి పట్టుకోలేదు. క్లమీడియా ఉన్న మహిళల్లో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. కాబట్టి భాగస్వామికి జబ్బుందని తెలిస్తే, మీకేమీ లేకపోయినా వెళ్లి ఆ మాట చెప్పండి.

'పెళ్లయిందా?'

పెళ్లికాని అమ్మాయి గైనిక్ ఓపీకి వెళితే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. ఒక్కోసారి నర్సు అడుగుతుంది, ఒక్కోసారి గదిలో మరో ముగ్గురు ఉండగా అడుగుతారు. డాక్టర్‌కు నిజానికి తెలియాల్సింది పెళ్లి సంగతి కాదు, లైంగిక సంబంధం ఉందా లేదా అన్నది. మీరే 'పెళ్లి కాలేదు, కానీ సంబంధం ఉంది, అందుకే వచ్చాను' అని చెప్పేయొచ్చు. నలుగురిలో చెప్పలేకపోతే 'డాక్టర్‌తో విడిగా మాట్లాడాలి' అనండి. అడిగే హక్కు మీకుంది. తీర్పులు చెప్పే సిబ్బంది లేరని మేం అనం. అలాంటి చోట కౌన్సెలర్‌ను కలుస్తామని అడగడం ఒక దారి. వారి పనే అది.

తెల్లబట్ట అనగానే సుఖవ్యాధి అని బెదిరిపోకండి. నెలసరిని బట్టి కొంత తెల్లబట్ట సహజం. దురదతో పెరుగులా గడ్డగా వస్తే అది ఎక్కువగా ఫంగస్. చేపల వాసన వేసే పల్చటి స్రావం బ్యాక్టీరియల్ వెజైనోసిస్ కావచ్చు. ఈ రెంటినీ లైంగిక వ్యాధులుగా లెక్కించరు. సంబంధం ఏమీ లేనివారికీ వస్తాయి. రంగు మారినా, దుర్వాసన ఉన్నా, పొత్తికడుపు నొప్పి, జ్వరం తోడైనా ఆలస్యం చేయొద్దు.

తొందరపడితే రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది

శనివారం రాత్రి కలిసి, సోమవారం పరీక్ష చేయించుకుని 'నెగెటివ్' రిపోర్టు చూసి స్థిమితపడేవాళ్లున్నారు. ఆ రిపోర్టు శనివారం గురించి ఏమీ చెప్పదు. అంతకుముందు సంగతి మాత్రమే చెబుతుంది. హెచ్‌ఐవీ యాంటీబాడీలు పరీక్షకు అందడానికి 23 నుంచి 90 రోజులు పట్టొచ్చు. యాంటీజెన్, యాంటీబాడీ రెండూ చూసే ల్యాబ్ పరీక్షకైతే 18 నుంచి 45 రోజులు. సిఫిలిస్ పుండు రావడానికే 10 నుంచి 90 రోజులు. అందుకే అనుమానం ఉంటే ఒకసారి ఇప్పుడు, మరోసారి మూడు నెలలు నిండాక పరీక్ష చేయించుకోమంటారు. మధ్యలో కండోమ్ తప్పనిసరి.

అయితే ఒక్క సందర్భంలో మాత్రం గంటలు లెక్కపెట్టాలి. హెచ్‌ఐవీ సోకే అవకాశం ఉన్న ఘటన జరిగితే, సోకకుండా ఆపే మందుల కోర్సు ఉంది. దాన్ని 'పెప్' అంటారు. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. లైంగిక దాడి బాధితులకు, సూది గుచ్చుకున్న ఆరోగ్య సిబ్బందికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇస్తారు. కండోమ్ చినగడం లాంటి ఇతర సందర్భాల్లో ప్రమాదాన్ని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. ఓపీ టైం అయిపోయిందని మర్నాటికి వాయిదా వేయకుండా క్యాజువాలిటీకి వెళ్లండి. లైంగిక దాడి జరిగినప్పుడు ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా వైద్యం అందించాలని చట్టం చెబుతోంది. ఎఫ్‌ఐఆర్ కాపీ తెస్తేనే చూస్తామనడానికి వీల్లేదు.

యాప్‌లో కనిపించే ప్యాకేజీలు

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే 'ఫుల్ ఎస్టీడీ ప్యాకేజీ' ప్రకటనలు మీ ఫోన్లో కనిపిస్తూనే ఉంటాయి. కొనేముందు రెండు విషయాలు చూడండి. గనేరియా, క్లమీడియాలను పట్టుకోవడానికి మూత్రమో, స్వాబ్ నమూనానో కావాలి. రక్తం మాత్రమే తీస్తున్నారంటే ఆ ప్యాకేజీ 'ఫుల్' కాదు. రెండోది, హెర్పిస్ ఐజీజీ. లక్షణాలు లేనివారికి దీనివల్ల ఉపయోగం చాలా తక్కువ. నోటి దగ్గర పొక్కులు తెచ్చే హెర్పిస్ రకం చిన్నప్పుడే సోకినవారు లెక్కలేనంతమంది. పాజిటివ్ చూసి రాత్రంతా నిద్రపోకుండా కూర్చోవడం తప్ప చాలామందికి దానితో ఒరిగేదేమీ లేదు.

లాడ్జీల్లో క్యాంపులు పెట్టి, గోడల మీద పోస్టర్లు అంటించే 'స్పెషలిస్టుల' గురించి వేరే చెప్పాలా? వాళ్లు అమ్మేది మందు కాదు, మీ సిగ్గును. 'స్వాతి' వారపత్రికలో డాక్టర్ సమరం ఏళ్ల తరబడి ప్రశ్నలకు జవాబులిచ్చినా, ఆ పోస్టర్ల వ్యాపారం ఇంకా ఆగలేదు. ఇప్పుడది రీల్స్‌లోకి వచ్చింది, అంతే.

విషయం బయటపడుతుందా?

హెచ్‌ఐవీ వరకు మీకు చట్టం అండ ఉంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. మీ అనుమతి లేకుండా ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదు. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. పాజిటివ్ వ్యక్తి భాగస్వామికి ప్రమాదం ఉందని, ఆ వ్యక్తి చెప్పేలా లేరని భావిస్తే, ముందు కౌన్సెలింగ్ ఇచ్చి, ఆ తర్వాత డాక్టర్ లేదా కౌన్సెలర్ భాగస్వామికి తెలియజేయడానికి చట్టం వీలు కల్పించింది. మిగతా లైంగిక వ్యాధులకు ఇలా ప్రత్యేక చట్టం లేదు. రోగి రహస్యాన్ని కాపాడాలనే వైద్య వృత్తి నియమాలే వాటికి వర్తిస్తాయి.

ఆచరణలో రహస్యం బయటపడేది ఎక్కువగా ఇంట్లోనే. నాన్న ఫోన్ నంబరుతో ఓపీ తీసుకుంటే మెసేజ్ ఆయనకే వెళుతుంది. మీ నంబరే ఇవ్వండి. ఆభా ఆరోగ్య ఖాతా స్వచ్ఛందం. వద్దనుకుంటే అది లేకుండానే ఓపీ చీటీ అడగొచ్చు.

18 ఏళ్లు నిండనివారి విషయం వేరు. మన చట్టంలో 18 లోపు వారితో లైంగిక చర్య, ఇష్టపూర్వకమైనా సరే, పోక్సో కింద నేరం. అలాంటిది తెలిసిన వారెవరైనా పోలీసులకు చెప్పాలి. డాక్టర్లూ అందులో ఉన్నారు. హెచ్‌ఐవీ పరీక్షకు సాధారణంగా తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి అడుగుతారు. ఈ భయంతోనే మైనర్లు ఆసుపత్రి గడప తొక్కరు. గర్భస్రావం కోసం వచ్చిన మైనర్ కోరితే పోలీసులకిచ్చే నివేదికలో ఆమె పేరు, వివరాలు డాక్టర్ వెల్లడించనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ వెసులుబాటు గర్భస్రావం వరకే చెప్పినది. లైంగిక వ్యాధితో వచ్చే మైనర్ విషయంలో అంత స్పష్టత లేదు. ఇది విధాన నిర్ణేతలు పట్టించుకోవాల్సిన లోటు. 10-19 ఏళ్ల వారి కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార క్లినిక్‌లు ఉన్నాయి. సందేహాలు అడగడానికైనా అక్కడికి వెళ్లొచ్చు. నమ్మదగిన పెద్దవారు, అక్కో పిన్నో, వెంట ఉంటే మరీ మంచిది.

పాజిటివ్ వస్తే?

సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమొనాస్ పూర్తిగా నయమవుతాయి. హెర్పిస్ శరీరంలో ఉండిపోతుంది కానీ, మందులతో అదుపులో ఉంటుంది. హెచ్‌ఐవీకి 2017 నుంచి పరీక్షలో తేలగానే చికిత్స మొదలుపెట్టే విధానం ఉంది. ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. మందులు క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి, అలాగే కొనసాగుతున్న వ్యక్తి నుంచి లైంగికంగా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఈ ఒక్క వాక్యం మీ కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టగలిగితే ఎన్ని అపోహలు పోతాయో!

హెపటైటిస్-బి, హెచ్‌పీవీలకు టీకాలున్నాయి. హెపటైటిస్-బి టీకా చిన్నప్పుడు పడిందో లేదో అమ్మనడగండి. పడకపోతే పెద్దయ్యాకా వేయించుకోవచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీకి టీకా లైంగిక జీవితం మొదలవకముందే వేయించుకుంటే ఎక్కువ ప్రయోజనం. దేశీయంగా తయారైన సర్వావ్యాక్ కూడా మార్కెట్లో ఉంది. కండోమ్ చాలావాటిని గట్టిగా అడ్డుకుంటుంది. అయితే అది కప్పని చర్మం నుంచి హెర్పిస్, హెచ్‌పీవీ, సిఫిలిస్ సోకే అవకాశం కొంత ఉంటుంది. కొబ్బరి నూనె, వాజిలిన్ రాస్తే కండోమ్ రబ్బరు దెబ్బతిని చిరిగిపోతుంది.

చికిత్స మీకొక్కరికే జరిగితే సగమే జరిగినట్టు. భాగస్వామి కూడా మందు వాడాలి. లేకపోతే జబ్బు మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. ఒక్క మోతాదు మందైతే ఇద్దరూ వేసుకున్న తర్వాత ఏడు రోజులు, కోర్సు ఇస్తే అది పూర్తయ్యేదాకా కలవకుండా ఉండాలి. ఎలా చెప్పాలో తెలియకపోతే క్లినిక్ ఇచ్చే కార్డు ఇవ్వండి, లేదా 'నాకు పరీక్షలో ఇది తేలింది, నువ్వూ ఒకసారి చూపించుకో' అని మెసేజ్ పెట్టండి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందనే పంచాయితీ ఆ రోజే తేల్చనక్కర్లేదు. చాలాసార్లు అది తేలదు కూడా.

ఆసుపత్రి చీటీలు మాత్రం పారేయకండి. గల్ఫ్ వీసా మెడికల్లో హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్ పరీక్ష కూడా ఉంటుంది. సిఫిలిస్‌కు చేసే టీపీహెచ్ఏ పరీక్ష, పూర్తిగా నయమైనవారిలోనూ ఏళ్ల తరబడి పాజిటివ్ చూపిస్తుంది. జబ్బు ఇప్పుడు ఉందా, పాత గుర్తా అన్నది వీడీఆర్ఎల్ లేదా ఆర్‌పీఆర్ పరీక్షలో వచ్చే అంకెలను పాతవాటితో పోల్చి డాక్టర్ చెబుతారు. ఇంజెక్షన్ ఇచ్చిన తేదీ, అప్పటి రిపోర్టు చేతిలో ఉంటేనే ఆ పోలిక సాధ్యం.